నార్వే రాజుల హిర్డ్: ఇంటి కాపలా జట్టు రాజ్యంగా ఎలా మారింది

మధ్యయుగ నార్వేలో హిర్డ్ అంటే రాజుకు బాడీగార్డులేనా, సైన్యమా, దర్బారా అని అడిగారు. ఉత్త కాపలావాళ్లే అయితే వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం ఎందుకు రాయాల్సి వచ్చిందన్నది మీ రెండో సందేహం. అంత బలమైన జట్టు ఆఖరికి ఏమైపోయిందన్నది మూడోది. విడివిడిగా చెబితే ఏదీ సరిగ్గా అర్థం కాదు కాబట్టి మూడింటికీ కలిపే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు చిన్న జవాబు. హిర్డ్ రాజు ఇంటి మనుషులతో మొదలైంది. రాజు వాళ్లకు తిండి పెట్టేవాడు, కత్తి ఇచ్చేవాడు, తన బల్ల దగ్గర చోటు ఇచ్చేవాడు. వాళ్లు రాజు ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లేవాళ్లు, యుద్ధంలో ఆయన చుట్టూ నిలబడేవాళ్లు. మూడు వందల ఏళ్లు గడిచేసరికి ఆ బల్ల దేశంలోని పెద్ద కుటుంబాలన్నిటినీ తన చుట్టూ కూర్చోబెట్టుకుంది. 13వ శతాబ్దపు నార్వేలో రాజ్యం ఎక్కడ ఆగుతుంది, హిర్డ్ ఎక్కడ మొదలవుతుంది అని గీత గీయడం కష్టం. చేతిలో పెద్ద కోటలూ శాశ్వత సైన్యమూ లేని రాజులు అంత పొడవైన తీరాన్ని, అన్ని లోయల్ని కట్టి ఉంచింది ప్రధానంగా దీనితోనే.

ఇక వివరాలు. తొలి శతాబ్దాల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ 1230 ప్రాంతంలో రాసిన రాజుల సాగాల నుంచి, అంటే వాళ్ల వీరగాథల నుంచి వచ్చిందే. స్నోరి పుస్తకాల పురుగు మాత్రమే కాదు. 1218లో నార్వే వెళ్లి, రెండేళ్లు అక్కడే ఉండి, స్వయంగా హిర్డ్‌లో చేరి, అందులో పెద్ద హోదా పొంది వచ్చినవాడు. అందుకని రాజు కొలువు ఎలా నడుస్తుందో ఆయనకు లోపలి నుంచి తెలుసు. కానీ ఆయన చూసిన కొలువు 13వ శతాబ్దానిది. దాన్ని రెండు వందల ఏళ్ల వెనక్కి జరిపి రాసినప్పుడు కొంత సర్దుబాటు తప్పదు. ఆయన లెక్కలు ఎంత నున్నగా ఉంటాయో కింద మీరే చూస్తారు.

స్నోరి చెప్పిన ప్రకారం, తరవాత సెయింట్ అయిన రాజు ఓలావ్ హరాల్డ్‌సన్ దగ్గర 60 మంది హిర్డ్‌మెన్, 30 మంది గెస్టిర్, 30 మంది హుస్కార్లు ఉండేవారు. హిర్డ్‌మెన్ అసలు కత్తిపట్టిన సహచరులు. గెస్టిర్ సంగతి ప్రత్యేకం, దానికి మళ్లీ వస్తాను. హుస్కార్లు ఇంటి పనులూ సరఫరాలూ చూసే మనుషులు. అంతా కలిపితే 120 మంది.

దేశం మొత్తానికి రాజైనవాడి చేతిలో నూట ఇరవై మందేనా అనిపిస్తుంది. ఇక్కడే అసలు విషయం ఉంది. అదే కాలంలో నైరుతి తీరాన సోలా అనే చోట ఎర్లింగ్ స్క్యాల్గ్‌సన్ అనే దొర ఉండేవాడు. ఆయన ఇంట్లో చలికాలం, ఎండాకాలం అనకుండా 90 మంది స్వతంత్రులైన యోధులు ఉండేవారనీ, ప్రత్యర్థి ప్రభువులు చుట్టుపక్కలకు వచ్చినప్పుడు ఆ సంఖ్య 240 దాటేదనీ స్నోరి రాశాడు. 32 జతల తెడ్లు పట్టే యుద్ధనౌక ఆయన సొంతం. అంటే ఒక ప్రాంతపు దొర తలుచుకుంటే రాజు కొలువుకు రెట్టింపు మందిని నిలబెట్టగలడు. ఎర్లింగ్ దగ్గర 30 మంది బానిసలు ఉండేవారనీ, రోజు పని ముగిశాక సొంత సేద్యం చేసుకుని, ఆ సంపాదనతో తమను తాము విడిపించుకునే వీలు ఆయన వాళ్లకు ఇచ్చాడనీ కూడా సాగా చెబుతుంది. చాలామంది మూడేళ్లలోపే విడుదలయ్యేవారట. ఇంత పలుకుబడి ఉన్న మనిషిని భయపెట్టి లొంగదీయడం ఏ రాజుకైనా తేలిక కాదు.

చివరికి ఓలావ్ మనుషులు సముద్రం మీద ఎర్లింగ్‌ను ఒంటరిగా దొరకబుచ్చుకున్నారు. ఆయన లొంగిపోయాడు. రాజు ప్రాణంతో వదిలేయబోతుంటే, పక్కనున్న అనుచరుడొకడు గొడ్డలితో ఎర్లింగ్ తల మీద కొట్టి చంపేశాడు. ఆ దెబ్బతో నార్వేను నా చేతిలోంచి నరికేశావని రాజు అతన్ని తిట్టాడని స్నోరి రాశాడు. జరిగింది కూడా అదే. తీరప్రాంతం మొత్తం తిరగబడింది, రాజు దేశం వదిలి పారిపోయాడు, తిరిగొచ్చి 1030లో స్టిక్లెస్టాడ్ యుద్ధంలో చనిపోయాడు. నా ఉద్దేశంలో హిర్డ్ చరిత్రకు ఇరుసు ఇక్కడ ఉంది. దొరల్ని చంపితే దేశం జారిపోతుంది. చంపకపోతే వాళ్ల పరివారాలు రాజు పరివారాన్ని మింగేస్తాయి. మిగిలిన దారి ఒక్కటే, వాళ్లను తన పరివారంలోనే కలుపుకోవడం. తరవాతి రాజులు నెమ్మదిగా ఈ దారిలోకి వచ్చారు.

అందరూ వెంటనే రాలేదు. ఓలావ్ సవతి తమ్ముడు హరాల్డ్ హార్డ్‌రాడె కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి కొలువులో వరాంగియన్ అనే ఉత్తరాది కిరాయి యోధుల దళాల్లో పనిచేసి, డబ్బూ అనుభవమూ మూటగట్టుకుని వచ్చినవాడు. ట్రొండెలాగ్ ప్రాంతపు పెద్దదొర ఐనార్ తంబార్‌షెల్వె వందలమంది అనుచరులతో నిడారోస్ (ఇప్పటి ట్రొండ్‌హైమ్) పట్నంలో దిగుతుంటే హరాల్డ్‌కు కడుపు మండింది. సంధి మాటలకని రాజు గదిలోకి వచ్చిన ఐనార్‌నూ, ఆయన కొడుకునూ అక్కడే చంపించాడు. ఇది సుమారు 1050 నాటి మాట. అదే హరాల్డ్ తన స్టాల్లరి ఉల్ఫ్ ఓస్పాక్‌సన్‌ను మాత్రం ప్రాణంలా చూసుకున్నాడు. స్టాల్లరి అంటే ప్రజాసభల్లో రాజు తరఫున మాట్లాడే పెద్ద అధికారి. ఉల్ఫ్ ఐస్‌లాండ్ మనిషి, తూర్పుదేశాల్లో హరాల్డ్ పక్కన కత్తి తిప్పినవాడు. 1066లో ఇంగ్లండ్ దండయాత్రకు ముందు ఉల్ఫ్ పోతే, ప్రభువుకు ఇంత నమ్మకంగా ఉన్నవాడు ఇంకొకడు లేడని హరాల్డ్ అతని సమాధి దగ్గర అన్నాడట. సొంత దేశపు దొర మీద లేని నమ్మకం, ఆస్తీ బంధుబలమూ లేని పరదేశి మీద ఉండటం రాజులకు ఎప్పుడూ ఉన్న అలవాటే.

ఖర్చు ఎవరిదని మీరు అడగలేదు గానీ అది చెప్పకుండా ముందుకు పోలేం. ఆ రోజుల్లో రాజుకు స్థిరమైన రాజధాని లేదు. పరివారంతో సహా ఊరూరా, ఎస్టేటు ఎస్టేటుకూ తిరుగుతూ ఉండేవాడు. ప్రతిచోటా అక్కడి రైతులు ధాన్యం, మాంసం, బీరు సమకూర్చి విందు పెట్టాలి. ఈ బాధ్యతను వైట్‌స్లా అనేవారు. వారాల తరబడి ఇంట్లో తిష్ఠ వేసిన వియ్యాలవారికి మర్యాదలు చేసినట్టే ఉండేది రైతుల పని, ఒక్క తేడా ఏమిటంటే ఈ వియ్యాలవారి చేతిలో గొడ్డళ్లు ఉండేవి. లోపలి కొండప్రాంతాలైన ఉప్‌లాండ్‌కు రాజు మూడేళ్లకోసారి వెళ్లడం ఆనవాయితీ. అలా వెళ్లినప్పుడు ఓలావ్ పరివారం మామూలుకన్నా పెద్దది కావడంతో ఏర్పాట్లు చాలక గబగబా ముందుకు సాగాల్సి వచ్చిందని సాగా చెబుతుంది.

అందుకే హిర్డ్‌లో ఎంతమంది ఉన్నారన్నది రాజకీయ ప్రశ్న. హార్డ్‌రాడె కొడుకు ఓలావ్ క్యుర్రె 1067 నుంచి 1093 దాకా ఏలాడు, ప్రశాంతమైన కాలం. ఆయన హిర్డ్‌మెన్‌ను 120కి, గెస్టిర్‌ను 60కి, హుస్కార్లను 60కి పెంచాడు. పాత లెక్కకు సరిగ్గా రెట్టింపు అన్నమాట. నున్నటి లెక్కలు అన్నది ఇందుకే. అసలు అంకెలు ఏవైనా కావచ్చు గానీ, రైతులు గొణిగారన్న మాట మాత్రం నమ్మదగినదే. చట్టం అనుమతించిన దానికన్నా ఎందుకు పెంచావని అడిగితే, దేశాన్ని మా నాన్నకన్నా బాగా ఏలుతున్నానని కాదు, మిమ్మల్ని పీడించాలనీ కాదు అని రాజు సర్దిచెప్పాడట. సూటిగా జవాబు చెప్పని ఆ తీరు చూస్తే, పాలకుల దగ్గర పనిచేసిన వాళ్లెవరికైనా నవ్వొస్తుంది.

ఓలావ్ క్యుర్రె హయాంలోనే కొలువు స్వరూపం కూడా మారింది. అంతకుముందు రాజు పీట పొడవాటి బల్ల మధ్యలో ఉండేది. గది నడుమ నిప్పు మండుతుండేది, బీరు ఆ నిప్పు చుట్టూ చేతులు మారుతూ తిరిగేది. ఈయన తన పీటను హాలు చివర అడ్డంగా వేసిన ఎత్తు వేదిక మీదికి మార్చాడు. తన బల్ల ముందు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను, వడ్డన చూసుకునే స్కుటిల్‌స్వైన్‌లను పెట్టాడు. పీట మధ్య నుంచి చివరికి జరగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మధ్యలో కూర్చున్నవాడు అందరిలో ఒకడు. చివర వేదికెక్కినవాడి ఎదుట అందరూ వరసకట్టి కూర్చుంటారు, ఆ వరసలో ఎవరి చోటు ఎక్కడో అందరికీ కనిపిస్తుంది. తరవాత వచ్చిన హోదాలన్నీ ఈ వరసలోంచి పుట్టినవే. వడ్డించే స్కుటిల్‌స్వైన్ రెండు వందల ఏళ్ల తరవాత నైట్ అయి, పేరు ముందు గౌరవ బిరుదు తగిలించుకున్నాడు.

హిర్డ్‌లో అందరికన్నా ఆసక్తికరమైనవాళ్లు నాకు గెస్టిర్ అనిపిస్తారు. పేరుకు అతిథులు. 1250ల ప్రాంతంలో నార్వేలో రాసిన కోనుంగ్స్ స్కుగ్‌స్యా అనే పుస్తకం ఉంది. అందులో లోకజ్ఞానమున్న తండ్రి కొడుకు అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతుంటాడు. గెస్టిర్‌కు ఆ పేరెందుకు వచ్చిందంటే వాళ్లు చాలామంది ఇళ్లకు వెళతారు, కాకపోతే ప్రతిసారీ స్నేహంగా కాదు అంటాడు తండ్రి. దేశమంతా తిరిగి రాజు శత్రువుల జాడ తీయడం, దొరికితే చంపడం వాళ్ల పని. జీతం హిర్డ్‌మెన్ జీతంలో సగం. చంపిన శత్రువు సొత్తులో బంగారం తప్ప మోసుకుపోగలిగినంత వాళ్లదే, బంగారం రాజుది. రాజు హాల్లో మిగతా హిర్డ్‌తో కలిసి కూర్చుని తాగే అర్హత వాళ్లకు క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ మాత్రమే. ఇప్పటి భాషలో చెప్పాలంటే గూఢచారి విభాగమూ, పోలీసూ, హంతక దళమూ కలిపి ఒకటే. రాజుకు వాళ్లు కావాలి, కానీ రోజూ పక్కన కూర్చోవడం ఇష్టం లేదు. ఏ రాజ్యానికైనా ఇలాంటి మనుషులు ఉంటారు. ఇక్కడి విశేషమల్లా వాళ్ల చోటును ఇంత దాపరికం లేకుండా రాసిపెట్టడమే.

అదే పుస్తకంలో కొలువులోకి కొత్తగా వెళ్లేవాడు ఎలా మెలగాలో పేజీలకు పేజీలు ఉంది. జుట్టు చెవి తమ్మెలకన్నా పొట్టిగా కత్తిరించుకోవాలి, మీసం చిన్నగా ఉండాలి. రాజు ముందుకు పైవస్త్రం తీసేసి వెళ్లాలి. కొడుకుకు ఇది వింతగా తోస్తుంది. పైవస్త్రం లేకుండా వచ్చినవాడు సేవకు సిద్ధంగా ఉన్నాననీ, బట్టల చాటున ఆయుధం దాచలేదనీ చూపిస్తున్నట్టని తండ్రి వివరిస్తాడు. రాజు అన్న మాట వినబడకపోతే ‘ఆఁ? ఏంటి?’ అనకూడదు, ‘ప్రభూ’ అని సంబోధించి మర్యాదగా మళ్లీ చెప్పమని అడగాలి. అప్పటికి కత్తి తిప్పడం వస్తే చాలదు, మాట తీరు కూడా రావాలి. వంద ఏళ్లపాటు సాగిన అంతర్యుద్ధాల తరవాత ఈ మర్యాదల పాఠం వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే దాని అవసరం అర్థమవుతుంది.

యుద్ధంలో హిర్డ్ ఏం చేసేదో చూడాలంటే స్టిక్లెస్టాడ్‌ను మించిన ఉదాహరణ లేదు. రాజు చుట్టూ డాళ్లతో గోడ కట్టారు. ఓలావ్ తన కవుల్ని ఆ గోడ లోపలే నిలబెట్టాడు, జరిగేదంతా కళ్లారా చూస్తే తరవాత పద్యాలు కట్టడానికి ఎవరినీ అడగనక్కర్లేదని. జెండా మోసే మెర్కిస్మన్ థోర్డ్ ఫోలసన్ జెండాకర్రను నేలలోకి ఎంత బలంగా దించాడంటే, అతను కూలిపోయినా జెండా నిలబడే ఉంది. స్టాల్లరి బ్యోర్న్ కూడా అక్కడే చనిపోయాడు. రాజుకు అందరికన్నా దగ్గరి కవి, ఐస్‌లాండ్‌వాడైన సిగ్వాట్ మాత్రం ఆ రోజు అక్కడ లేడు, రోమ్ యాత్రకు వెళ్లాడు. ఆ బాధ అతన్ని జీవితాంతం వదల్లేదని అతని పద్యాలే చెబుతాయి.

సిగ్వాట్ కథ అక్కడితో ఆగలేదు, కాబట్టి హిర్డ్ అంటే చచ్చేదాకా నిలబడటమే అనుకోవద్దు. ఓలావ్ కొడుకు మాగ్నుస్ చిన్నవయసులో రాజై, తండ్రికి ఎదురు తిరిగిన రైతుల మీద కక్ష తీర్చుకోవడం మొదలుపెట్టాడు. దేశం మళ్లీ తిరగబడేలా ఉంది. రాజుకు చెప్పాలి, ఎవరు చెబుతారు? సన్నిహితులు చీట్లు వేసుకున్నారు, సిగ్వాట్ పేరు వచ్చింది. మొహమాటం లేని పద్యాలు కట్టి రాజు ముందే చదివాడు, ప్రజల చట్టాన్ని తొక్కితే ఏమవుతుందో నేరుగా చెప్పాడు. మాగ్నుస్ మనసు మార్చుకున్నాడు, తరవాత అతనికి ‘మంచి రాజు’ అనే పేరొచ్చింది. రాజు తిండి తిన్నవాడికి రాజుతో నిజం చెప్పే హక్కూ బాధ్యతా రెండూ ఉన్నాయన్న ఈ పట్టుదల నార్వే కొలువు సంస్కృతిలో చాలాకాలం నిలిచింది.

1130 నుంచి 1240 దాకా నార్వేలో సింహాసనం కోసం అంతర్యుద్ధాలు నడిచాయి. ఆ కాలంలో హిర్డ్ చీలికలు పేలికలైంది, ఒక్కో హక్కుదారుకు ఒక్కో హిర్డ్. ఇందులో స్వెర్రె కథ వేరుగా చెప్పుకోవాలి. ఫారో దీవుల్లో పెరిగి, రాజు కొడుకునని చెప్పుకుంటూ వచ్చిన స్వెర్రె 1177లో 70 మందికి మించని చింపిరి గుంపుకు నాయకుడయ్యాడు. బూట్లు లేక కాళ్లకు బర్చ్ చెట్టు బెరడు చుట్టుకున్న వాళ్లని బిర్కెబైనర్ అని వెక్కిరించేవారు. రెండేళ్లలో ఆ గుంపు నిడారోస్ దగ్గర కల్వ్‌షిన్నెట్‌లో దేశంలో అందరికన్నా బలవంతుడైన ఎర్లింగ్ స్కాక్కెను చంపింది. యుద్ధానికి ముందు స్వెర్రె ఇచ్చిన మాట అపురూపమైనది. శత్రుపక్షంలో లెండ్‌మన్‌ను, అంటే రాజు భూమి పొందిన దొరను, చంపి రుజువు తెచ్చినవాడు తానే లెండ్‌మన్ అవుతాడు. ఎవరు ఏ హోదాను ఖాళీ చేస్తే ఆ హోదా వాళ్లది. ఒక్క మాటతో యుద్ధం ఉద్యోగాల భర్తీ అయిపోయింది. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, అనామకుల కొడుకుల్ని పెద్ద కుటుంబాల కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

అలా పైకొచ్చిన మనుషులు పట్నంలో మర్యాదగా ఉంటారని ఆశించడం కష్టం. 1186లో బెర్గెన్‌లో తాగి కొట్లాటలు ముదిరితే స్వెర్రె సభ పెట్టి ప్రసంగించాడు. జర్మన్ వర్తకులు ఓడల నిండా ద్రాక్షసారా తెచ్చి బీరు ధరకే అమ్ముతున్నారని మండిపడ్డాడు. తాగుడు మనిషి డబ్బును, తరవాత జ్ఞాపకాన్ని, ఆరోగ్యాన్ని, ఆఖరికి ఆత్మను ఎలా తింటుందో వరసగా చెప్పుకొచ్చాడు. స్వెర్రె తన సాగాను రాయిస్తూ పక్కనే కూర్చుని ఏం రాయాలో చెప్పాడని దాని ముందుమాటే ఒప్పుకుంటుంది కాబట్టి ఈ ప్రసంగాన్ని ఎంత నమ్మాలో మీ ఇష్టం. హిర్డ్ ఒక క్రమశిక్షణ సమస్యగా మారిందన్నది మాత్రం ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగతా సగం స్వెర్రె మనవడు హోకోన్ హోకోన్‌సన్ కాలంలో ఉంది. 1206 చలికాలంలో ఏడాదిన్నర పసివాణ్ణి ఇద్దరు బిర్కెబైనర్లు స్కీలు తొడుక్కుని మంచుకొండ దాటించిన కథ మీరు వినే ఉంటారు. 1217లో పాత రాజు పోయినప్పుడు 13 ఏళ్ల ఆ కుర్రాడికే సింహాసనం దక్కాలని పట్టుబట్టింది కూడా పాత బిర్కెబైనర్లే. అతను నిజంగా రాజవంశమేనని నిరూపించడానికి తల్లి ఇంగా 1218లో కాల్చిన ఇనుమును చేత్తో పట్టుకుంది. అయినా దేశంలో మూడో వంతు యార్ల్, అంటే రాజు తరవాత అంతటి ప్రభువు, స్కూలె బోర్డ్‌సన్ చేతిలో ఉండేది, ఆయనకు సొంత హిర్డ్ ఉండేది. ఒకే రాజ్యంలో రెండు హిర్డ్‌లు ఇరవై ఏళ్లు పక్కపక్కన కాపురం చేశాయి. 1239లో స్కూలె తనను తాను రాజుగా ప్రకటించుకున్నాడు, మరుసటి ఏడు నిడారోస్ దగ్గర ఎల్గెసెటర్ మఠం బయట బిర్కెబైనర్ల చేతిలో చచ్చాడు. ఆ తరవాత నార్వేలో ఒకటే హిర్డ్ మిగిలింది.

ఆ ఒక్కటీ సముద్రం దాటి పనిచేసింది. హోకోన్ ఐస్‌లాండ్ మీదికి సైన్యాన్ని పంపలేదు, అక్కడి నాయకుల్ని ఒక్కొక్కరినీ హిర్డ్‌లో చేర్చుకున్నాడు. చేరినవాడు రాజు మనిషి, రాజు రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి. స్నోరి 1239లో రాజు మాట కాదని ఓడెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. 1241లో సొంత ఇల్లు రెయ్క్‌హోల్ట్‌లోనే హత్యకు గురయ్యాడు. ఆ పని చేయించిన గిస్సుర్ కూడా హిర్డ్ మనిషే. 1258లో అదే గిస్సుర్ ఐస్‌లాండ్‌కు యార్ల్ అయ్యాడు, 1262 నుంచి 1264 మధ్య ఐస్‌లాండ్ నార్వే రాజుకు పన్ను కట్టడానికి ఒప్పుకుంది. యుద్ధం లేకుండా ఒక దేశాన్ని ప్రమాణాలతో గెలుచుకోవడం ఎలాగో చదవాలంటే ఈ పాతికేళ్ల చరిత్ర చదవండి.

హోకోన్ 1263లో స్కాట్లండ్ దండయాత్ర నుంచి తిరిగొస్తూ ఆర్క్నీ దీవుల్లోని కిర్క్‌వాల్‌లో జబ్బుపడి చనిపోయాడు. చావు దగ్గరపడిందని తెలిశాక వెండి సామాను తూయించి హిర్డ్‌కు జీతాలు చెల్లించమన్నాడు. హిర్డ్‌మెన్‌కు తలా ఒక మార్క్, అంటే 200 గ్రాములకు పైన శుద్ధమైన వెండి. గెస్టిర్‌కు అర మార్క్. కోనుంగ్స్ స్కుగ్‌స్యాలో తండ్రి చెప్పిన సగం జీతం లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పుస్తకంలో రాసింది ఆచరణలో ఉందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకడం అరుదు.

ఇక ఆ చట్టం. పేరు హిర్డ్‌స్క్రా. హోకోన్ కొడుకు మాగ్నుస్, చట్టాల సంస్కర్తగా పేరొందిన రాజు, 1270ల మధ్యలో దాన్ని సిద్ధం చేయించాడు. దేశమంతటికీ ఒకే చట్టం తెచ్చింది కూడా ఆయనే, 1274లో. రైతులకు ఒకటి, పట్నాలకు ఒకటి, రాజు మనుషులకు ఒకటి. హిర్డ్‌స్క్రాలో హోదాల క్రమం, ప్రమాణాలు, కాపలా విధులు, ఎవరు ఏ ఆయుధాలు ఉంచుకోవాలన్నది అంతా ఉంది. కొత్తవాణ్ణి చేర్చుకునే పద్ధతి చూడండి. హిర్డ్ అంతా చూస్తుండగా రాజు పీట మీద కూర్చుంటాడు, ఒరతో ఉన్న కత్తి మోకాలి మీద, పిడి ముందుకు. చేరేవాడు మోకరిల్లి, రాజు చేతి కింద నుంచి పిడిని పట్టుకుని, ఆ చేతిని ముద్దు పెట్టుకుంటాడు. అంతఃకలహాలు ముగిసిన దేశంలో అప్పటికి హిర్డ్‌మెన్‌లో చాలామంది రాజు ఇంట్లో ఉండటం లేదు. తమ పొలాల్లో, తమ జిల్లాల్లో ఉంటున్నారు. పన్నులు వసూలు చేసి న్యాయం చూసే సిస్సెల్‌మన్ అనే జిల్లా అధికారులు వాళ్లలోంచే వచ్చేవారు. ఒకే బల్ల దగ్గర రోజూ తినేవాళ్ల మధ్య అలవాటే చట్టం. వాళ్లు దేశమంతా చెదిరిపోయినప్పుడు దాన్ని రాసి పెట్టుకోక తప్పదు.

1277లో మాగ్నుస్ లెండ్‌మెన్‌కు బారన్ అనీ, స్కుటిల్‌స్వైన్‌లకు నైట్ అనీ యూరప్ తరహా బిరుదులు ఇచ్చాడు. బిరుదులు బాగానే ఉన్నాయి గానీ తలనొప్పి కూడా వాటితోనే వచ్చింది. ఆయన 1280లో పోయేనాటికి కొడుకు ఎయిరిక్‌కు పన్నెండేళ్లు. బారన్లు సంరక్షకుల పేరుతో రాజ్యం నడిపారు, చర్చితో కొట్లాట పెట్టుకున్నారు. ఎయిరిక్ తమ్ముడు హోకోన్ 1299లో రాజయ్యాక పాత కాలపు పెద్దమనిషి అవుదున్ హుగ్లైక్‌సన్‌ను పట్టుకున్నారు, 1302లో బెర్గెన్ పక్కన నోర్డ్‌నెస్‌లో ఉరి తీశారు. 1308లో హోకోన్ ఇకమీదట కొత్త బారన్లు ఉండరనీ, రాజు కొడుకులకూ ఆర్క్నీ ప్రభువుకూ తప్ప యార్ల్ హోదా దక్కదనీ శాసనం చేశాడు. దొరల్ని బల్ల దగ్గరికి తెచ్చిన రెండు శతాబ్దాల పని ఫలించాక, వాళ్లు మరీ దగ్గరైపోయారని భయపడ్డట్టుంది ఈ శాసనం.

ఆ తరవాత హిర్డ్ కూలిపోలేదు, నీరుగారిపోయింది. హోకోన్ 1319లో మగసంతానం లేకుండా చనిపోతే కూతురి కొడుకు, మూడేళ్ల మాగ్నుస్, నార్వేకూ స్వీడన్‌కూ ఒకేసారి రాజయ్యాడు. రాజు ఎక్కువకాలం స్వీడన్‌లోనే ఉంటే నార్వేలో ఎవరి బల్ల చుట్టూ కూర్చోవాలి? అధికారం రాజ్యమండలి చేతికి, ఆకెర్స్‌హుస్ లాంటి కోటల అధికారుల చేతికి పోయింది. 1349లో వచ్చిన ప్లేగు దొరల కుటుంబాల్నీ వదల్లేదు. రాబడి ఇచ్చే పొలాలు ఖాళీ అయ్యాయి. 1380లో నార్వే డెన్మార్క్ రాజవంశం చేతికి వెళ్లేసరికి రాజు ఇల్లే దేశం బయట ఉంది. ఇంటి మనుషుల సంస్థకు ఇల్లే లేకపోతే మిగిలేది బిరుదులే.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 1930లలో నార్వేలో క్విస్లింగ్ అనే ఫాసిస్టు నాయకుడి పార్టీ తన యూనిఫారం దళానికి హిర్డెన్ అని ఈ పాత పేరే పెట్టుకుంది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీల పక్షాన పనిచేసింది. వెతుకులాటలో చాలా ఫోటోలు ఆ దళానివే వస్తాయి. ఇప్పుడు ఓస్లో రాజభవనం ముందు నిలబడే గార్డు దళం 1856లో ఏర్పడింది. ఈ రెండింటికీ ఓలావ్, స్వెర్రెల హిర్డ్‌తో ఏ వారసత్వమూ లేదు.